మాటలో పంటికింద రాళ్ళు ఏరుకోవడం ఎలా

మా అమ్మమ్మకి డాక్టరు రెండు రకాల మాత్రలు రాశాడు. ఒకటి తినకముందు, ఒకటి తిన్నాక. చీటీ ఫోటో నా ఫోనుకొచ్చింది. నేను ఊరికి ఫోన్ చేసి చెప్పాను: "అమ్మమ్మా, వైట్‌ది ఎంప్టీ స్టమక్‌తో వేసుకో, ఎల్లోది ఆఫ్టర్ ఫుడ్. స్కిప్ చెయ్యకు, మస్ట్‌గా వేసుకోవాలి." ఆవిడ "ఆఁ, ఆఁ" అంది. వారం తర్వాత వెళ్ళి చూస్తే రెండూ కలిపి మధ్యాహ్నం భోంచేశాక వేసుకుంటోంది. ఇదేంటి, తెల్లది పరగడుపున కదా వెయ్యమన్నాను అంటే, "పరగడుపున అని ఉంటే నాకెందుకు తెలీదురా? ఆ మాట నువ్వు అనలేదు" అంది.

నిజమే, అనలేదు. పరగడుపు అన్న మాట నాకు రాక కాదు. నోటికి ముందు ఇంకోటి వచ్చి కూర్చుంది.

అప్పట్నుంచీ నా మాట మీద నేనే ఓ కన్నేసి ఉంచుతున్నాను. ఇంగ్లీషు మానేశానని కాదు, మానెయ్యమని మీకు చెప్పబోవడమూ లేదు. మాట్లాడుతుంటే పంటికింద రాయిలా తగిలే ముక్కల్ని గుర్తుపట్టి ఏరెయ్యడం ఎలా అన్నదొక్కటే ఇక్కడ సంగతి. నేను చేసిన వరసలోనే చెబుతాను.

ముందు మీ గొంతు మీరు వినండి

ఎంత ఇంగ్లీషు కలుపుతారని మిమ్మల్నే అడిగితే తప్పు చెబుతారు. నేనూ "మరీ అంత కలపన్లే" అనే అనుకున్నాను. పోనీ రికార్డు చేసుకుందామని కూర్చుంటే లాభం లేదు, మైకు ముందు అందరం వార్తలు చదివేవాళ్ళమైపోతాం.

దీనికో సులువుంది. వాట్సాప్‌లో మీరు ఇంట్లోవాళ్ళకీ స్నేహితులకీ పంపిన వాయిస్ మెసేజీలు అలాగే పడి ఉంటాయి. ఏనాటికైనా మీరే కూర్చుని వింటారని అనుకోకుండా మాట్లాడినవి అవి. పోయిన వారంవి ఐదారు తీసి, ఎవరూ లేనప్పుడు వినండి. వినపడ్డ ప్రతి ఇంగ్లీషు మాటా కాగితం మీద రాయండి. మంచీ చెడ్డా ఎంచొద్దు, రాయడమే.

నేను మా తమ్ముడికి పంపిన ఒకటి ఉన్నదున్నట్టు:

"ఒరే, యాక్చువల్లీ ఏంటంటే, మోటర్ ఆన్ చేశాను బట్ వాటర్ రావట్లేదు, సో ప్లంబర్‌కి కాల్ చేశాను, ఆయన టుమారో మార్నింగ్ వచ్చి చెక్ చేస్తానన్నాడు, అప్పటిదాకా మనం ఎలాగోలా మేనేజ్ చేసుకోవాలి."

మేమిద్దరం పుట్టి పెరిగింది గుంటూరు జిల్లాలో. వాడు మా ఊళ్ళోనే ఉంటాడు. నేనెవరికోసం ఇలా మాట్లాడానో నాకే తెలీదు.

రాసుకున్నవాటిని మూడు కుప్పలు చెయ్యండి

మొదటి కుప్ప, ఇంటివాళ్ళైపోయిన మాటలు. వీటి జోలికి వెళ్ళొద్దు. ఇంటిమాట అయిందో లేదో తెలుసుకోవడం తేలికే: తెలుగులోకొచ్చిన మాట చివర అచ్చు తగిలించుకుంటుంది. రైలు, బస్సు, కారు, పెన్ను, గ్లాసు. బహువచనం కూడా మన పద్ధతిలోనే, బస్సులు, కార్లు. బస్సెక్కాను, కారాపాను అని తెలుగు మాటలతో సంధి కలుపుకుంటుంది. ఇక అర్థమే మార్చేసుకుందంటే అనుమానమే అక్కర్లేదు. "వాడు నాకు హ్యాండిచ్చాడు", "నీకంత సీన్ లేదు", "పోన్లే, లైట్ తీసుకో": వీటిని ఇంగ్లీషువాడికి ముక్కకు ముక్క చెప్పి చూడండి, బుర్ర గోక్కుంటాడు. ఇవి తెలుగు నుడికారాలే. అలాగే "ఫీలయ్యాడు" అంటే మనకి నొచ్చుకున్నాడని. ఇంగ్లీషులో ఆ మాటకి అంత ఏడుపు లేదు.

ఇది కొత్తగా వచ్చిన జబ్బేం కాదు. "రోజూ బజారుకెళ్ళి జేబు ఖాళీ చేసుకొచ్చి, ఖర్చంతా కాగితం మీద రాసుకునేవాడు" అనండి. ఎంత తెలుగ్గా ఉంది! ఇందులో రోజు, బజారు, జేబు, ఖాళీ, ఖర్చు, కాగితం, ఆరూ పారశీక, అరబ్బీ భాషల నుంచి వచ్చినవే. అలమార, మేస్త్రి, బొత్తాం పోర్చుగీసువాళ్ళు దిగబెట్టి వెళ్ళారు. తెలుగులో కలిసిన పరాయి మాటల కోసమే సి.పి. బ్రౌన్ 1854లో విడిగా ఓ నిఘంటువు అచ్చు వేశాడంటే, అప్పటికే అవి ఎన్ని ఉండి ఉండాలో చూడండి.

కాబట్టి వరంగల్ నుంచి వచ్చిన మీ వదిన "దవాఖానకు పోయొచ్చినం" అంటే సరిదిద్దబోకండి. మీరనే ఆసుపత్రి మాత్రం ఎక్కడిది? హాస్పిటల్‌కి అచ్చు తగిలించి అరగదీస్తే వచ్చిందే.

రెండో కుప్ప, వేరే మాట లేనివి. ఓటీపీ, పాస్‌వర్డు, స్కానింగు, ఈఎంఐ. ఉంచెయ్యండి, ముందుకు పోదాం.

మూడో కుప్ప, తెలుగు మాట నాలిక చివరే ఉండగా దాన్ని తోసుకొచ్చినవి. వాటర్, టుమారో మార్నింగ్, చెక్ చేస్తా, మేనేజ్ చేసుకో. పని చెయ్యాల్సింది ఈ కుప్ప మీదే. ఎటు వెయ్యాలో తేలని మాట తగిలితే మా ఇంటి కొలత ఒకటుంది: మా అమ్మమ్మ ఈ మాట తనంతట తాను అంటుందా? మోటారు, ప్లంబరు అంటుంది. టుమారో అనదు.

ముందుగా జంట మాటలు తియ్యండి

ఇవి తీసెయ్యడం అన్నిటికంటే తేలిక, వినేవాళ్ళకి ముందు తగిలేవీ ఇవే. "బట్ కానీ", "సో అందుకని", "అట్‌లీస్ట్ కనీసం", "ఓన్లీ రెండు మాత్రమే", "మళ్ళీ రిటర్న్ వచ్చేశాడు", "మెయిన్‌గా ముఖ్యంగా". రెండు భాషల్లో ఒకే మాట, పక్కపక్కనే. ఇంగ్లీషు మాట అన్నాక చాలలేదేమోనన్న అనుమానం వచ్చి తెలుగు మాట కూడా అతికిస్తాం. మొదటిది కోసెయ్యండి, వాక్యానికి ఏ లోటూ రాదు. నాకు రెండు రోజుల్లో పోయాయి, "సో అందుకని" తప్ప. అది ఇంకా అప్పుడప్పుడూ వస్తూనే ఉంది.

తర్వాత, వాక్యాన్ని తిప్పేసే మాటలు

సో, బట్, బికాజ్, యాక్చువల్లీ, బేసికల్లీ, ఐ మీన్. చూడటానికి చిన్నవి. మోటారు, ప్లంబరు లాంటి పేర్లు పది కలిపినా తెలుగు వాక్యం చెక్కుచెదరదు. ఈ చిన్నవి ఒక్కటి చాలు, వాక్యం నడకే మారిపోతుంది.

"నేను నిన్న రాలేదు, బికాజ్ నాకు ఫీవర్ వచ్చింది" అంటాం. ఇప్పుడు 'బికాజ్' తీసి 'ఎందుకంటే' పెట్టండి, 'ఫీవర్' తీసి 'జ్వరం' పెట్టండి. "నేను నిన్న రాలేదు, ఎందుకంటే నాకు జ్వరం వచ్చింది." మాటలన్నీ తెలుగే, అయినా డబ్బింగ్ సినిమాలా ఉంది. ఎందుకంటే, చూశారా, నాకూ వచ్చేసింది. తెలుగులో కారణం ముందు వస్తుంది, పని తర్వాత. "జ్వరమొచ్చి నిన్న రాలేకపోయాను." అంతే. 'వచ్చి' అన్న ఆ ఒక్క క్రియలోనే బికాజ్ ఇమిడిపోయింది. "వర్షం పడితే రాను"లో 'తే' ఉంది, "పిలిచినా రాలేదు"లో 'నా' ఉంది. ఇఫ్, ఈవెన్ దో చేసే పని మన దగ్గర క్రియల తోకలు చేస్తాయి.

కాబట్టి ఇక్కడ మాటకు మాట మార్చబోకండి. బికాజ్ నోటిదాకా వచ్చిందంటే, ఆగి, కారణాన్ని ముందుకు లాగి మళ్ళీ మొదలుపెట్టండి. మొదట్లో వాక్యం మధ్యలో తడబడతారు. తడబడనివ్వండి.

మిగతావాటికి మన దగ్గర సరుకు బోలెడుంది. యాక్చువల్లీకి 'అసలు' (అరబ్బీ నుంచే వచ్చింది, అయినా మనదే), 'నిజానికి'. బై ద వేకి 'అన్నట్టు'. మాట మళ్ళించాలంటే 'ఇంతకీ', 'సరేగానీ'. తేల్చి చెప్పాలంటే 'మొత్తానికి'. ఎవరికీ చెప్పకుండా ఓ వారంపాటు 'అన్నట్టు', 'ఇంతకీ' రెండే పట్టుకు వాడి చూడండి. ఈ రెండూ నోటికొస్తే వాటి వెనకే తెలుగు వాక్యం దానంతటదే వస్తుంది. 'సో'తో మొదలైనదాని వెనక ఇంగ్లీషే వస్తుంది.

ఒక ఇబ్బంది ముందే చెబుతాను. ఈ వారం మీ మాట నెమ్మదిస్తుంది. ఇన్నాళ్ళూ 'సో'తో పూడ్చిన సందుల్లో ఇప్పుడు నిశ్శబ్దం ఉంటుంది. మా ఆవిడ రెండోరోజే "ఒంట్లో బాలేదా, అదోలా మాట్లాడుతున్నారు" అని అడిగింది.

ఇక అసలు పని: 'చెయ్' తగిలించిన క్రియలు

ఇంగ్లీషు క్రియ ఏదైనా తీసుకుని చివర 'చెయ్' తగిలిస్తే తెలుగులో చెల్లిపోతుంది. వెయిట్ చెయ్, హెల్ప్ చెయ్, కట్ చెయ్, క్లీన్ చెయ్. ఇంత సులువు కాబట్టే దీనికింద నలిగి పోయినవి ఎక్కువ.

క్లీన్ చెయ్ అన్న ఒక్కదాన్ని తీసుకుని మీ ఇంట్లో పొద్దున్నుంచీ తిరగండి. వాకిలి ఊడుస్తారు, మా వైపు చిమ్ముతారనీ అంటారు. నేల తుడుస్తారు. అంట్లు తోముతారు, పళ్ళూ తోముకుంటారు. బట్టలు ఉతుకుతారు, ఆరేసేముందు జాడిస్తారు. బియ్యం కడుగుతారు, పప్పులో రాళ్ళు ఏరుతారు. బూజు దులుపుతారు. మట్టి అరుగైతే అలుకుతారు. ఒక్కో పనికి చెయ్యి ఒక్కోలా కదులుతుంది, ఒక్కో కదలికకీ ఒక మాట. 'క్లీన్ చెయ్' అన్నామంటే ఈ చేతులన్నీ మాయం. "కిచెన్ క్లీన్ చేశావా" అని అడిగితే ఊడ్చావా, తుడిచావా, అంట్లు తోమావా? పనమ్మాయికి ఇలా చెప్పి, సాయంత్రం వచ్చి "చెప్పాను కదా" అని సణిగేవాళ్ళని చూశాను. చెప్పలేదు మరి.

కట్ చెయ్ కూడా అంతే. వంకాయలు తరుగుతాం, పూలు కోస్తాం, బట్ట కత్తిరిస్తాం, కట్టెలు నరుకుతాం, దారం తెంపుతాం, తోటకూర తుంచుతాం, పెన్సిలు చెక్కుతాం. మా చిన్నప్పుడు తోటకూర 'కట్ చెయ్' అంటే కత్తి పట్టుకునేవాళ్ళం. తుంచు అంటే వేళ్ళతో అని వేరే చెప్పక్కర్లేదు.

వేసుకోవడం సంగతి చూడండి. చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, బొట్టు పెట్టుకుంటాం, పూలు ముడుచుకుంటాం, తలపాగా చుట్టుకుంటాం, చెప్పులు వేసుకుంటాం. ఈమధ్య ఒక పెళ్ళిలో "పూలు వేర్ చెయ్యవా" అని ఓ తల్లి కూతుర్ని అడగ్గా విన్నాను. నాకు ఆ పూలమీద జాలేసింది.

దీన్ని ఎలా దార్లో పెట్టాలి? రోజుకొక గది చొప్పున తీసుకోండి. వంటింట్లో ఉన్నంతసేపూ 'చెయ్' తగిలించిన ఇంగ్లీషు క్రియ వాడకూడదని నియమం పెట్టుకోండి. ఆ గది దాటాక మీ ఇష్టం. వంటిల్లే ఎందుకంటే అక్కడ మాటలు ఇంకా బతికున్నాయి, అమ్మనో అత్తనో అడిగితే చెబుతారు. ఉప్మారవ్వ 'ఫ్రై చెయ్' అనకుండా వేపు, వేయించు. మసాలా 'యాడ్ చెయ్' అనకుండా వెయ్యి, చల్లు, కలుపు, దట్టించు. పాలు 'బాయిల్' అవ్వవు, కాగుతాయి, ఆనక పొంగుతాయి. అన్నం ఉడుకుతుంది, నీళ్ళు మరుగుతాయి. పాలకీ నీళ్ళకీ అన్నానికీ ఒకే మాట సరిపెట్టుకునేంత కరువేం లేదు మనకి.

తర్వాతి రోజు తలుపులూ దీపాలూ. డోర్ ఓపెన్ చెయ్: తలుపు తియ్. క్లోజ్ చెయ్: వెయ్, మూయ్, దగ్గరగా లాగు. లైట్ ఆఫ్ చెయ్: ఆర్పు, తీసెయ్. తెలుగు మాట చిన్నగా ఉందని గమనించారా? ఊపిరి ఆదా.

ఆఫీసులో మాత్రం ఈ ఆట ఆడకండి. ఫైల్ అటాచ్ చేసి మెయిల్ చెయ్యాల్సిన చోట అదే చెయ్యండి.

తెరచాటు మాటలు

కొన్ని చోట్ల మనం ఇంగ్లీషు తెచ్చుకునేది బద్ధకంతో కాదు, బిడియంతో. పీరియడ్స్, బాత్రూం, ప్రెగ్నెంట్. పరాయి మాట తెరలాగ పనిచేస్తుంది. కక్కూసు అన్న మాటనే చూడండి, డచ్చివాళ్ళ దగ్గర్నుంచి వచ్చిందది. ఇప్పుడు వినడానికే మోటుగా ఉంటుంది. తర్వాత లెట్రిన్ అన్నాం, బాత్రూం అన్నాం, ఇప్పుడు వాష్‌రూం. తెర పాతబడగానే కొత్తది కడుతున్నాం. ఇవి ఏరెయ్యమని నేననను, ఎవరి బిడియం వారిది. నెల తప్పింది, నీళ్ళోసుకుంది లాంటి మాటలు ఇంట్లోవాళ్ళ దగ్గరైనా వాడితే బావుంటుంది, అవీ తెరచాటు మాటలే, కాకపోతే మనవి.

ఒక్కటి మాత్రం దయచేసి మానెయ్యండి. "మా నాన్నగారు ఎక్స్‌పైర్ అయ్యారండీ." మందుల అట్ట మీద తేదీ గుర్తొస్తుంది నాకు. పోయారు, కాలం చేశారు, దాటిపోయారు. ఏదైనా సరే.

థ్యాంక్స్, సారీ ఉంచుకోండి. వాటికి బదులు ధన్యవాదాలు, క్షమించండి అంటే సభలో మాట్లాడినట్టుంటుంది. నిజానికి మన ఇళ్ళలో ఈ రెండింటి పనీ వేరే మాటలు చేస్తాయి. "సమయానికొచ్చావు, చల్లగా ఉండు." "పొరపాటైపోయింది, ఏమనుకోకు." అంకుల్, ఆంటీ సంగతి నాకే ఎటూ తేలలేదు. బాబాయ్ అనాలా మావయ్య అనాలా అని తేల్చుకోవాలంటే ఎదుటివాళ్ళ కూపీ అంతా లాగాలి. లిఫ్టులో కనిపించే పెద్దాయన్ని అదంతా అడగలేం కదా. అంకుల్ అనే పలకరిస్తున్నాను.

అటు పడబోయి ఇటు పడకండి

ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ఆ ఒక్కరోజు కొందరు "చరవాణిలో సంభాషిస్తున్నాను" అని మాట్లాడతారు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడిన మనిషి పుట్టినరోజున జనం ఎవరూ అనని మాటలు! ఇంగ్లీషు రాయి తీసి సంస్కృతం రాయి వేస్తే పంటికి ఒరిగేదేంటి? ఫోన్ అనండి. నెట్ అనండి. మీ తాత అనని మాట, మీ మనవడికి తెలియని మాట వెతుక్కుని మరీ వాడొద్దు.

ఎదుటివాళ్ళ మాట ఏరకండి

మీకు మీరు చేసుకునే పని ఇది. భోజనాల దగ్గర "వాటర్ కాదు, నీళ్ళు అను" అనే మనిషి పక్కన ఎవరూ కూర్చోరు. అమెరికాలో పెరిగే పిల్లల దగ్గరైతే మరీను. మా అక్క కొడుకు డాలస్ నుంచి వచ్చి "నాకు స్లీప్ వస్తోంది" అన్నాడు. నవ్వితే వాడు మళ్ళీ తెలుగు నోరెత్తడు. "నిద్రొస్తోందా, పడుకో నాన్నా, పక్కేస్తా" అని వాడి మాటనే తెలుగులో తిరిగి అప్పజెప్పాలి. వాడి వాక్యం నూటికి నూరుపాళ్ళూ తెలుగు వాక్యమే, ఒక్క మాట చోటు ఖాళీగా ఉంది. నాలుగైదుసార్లు వింటే వాడే నింపుకుంటాడు.

నెల తర్వాత మళ్ళీ వాయిస్ మెసేజీలు వినండి. మోటారు ఈసారీ పాడైంది, నేను తమ్ముడికి పంపింది ఇది: "ఒరే, మోటారు వేశాను గానీ నీళ్ళెక్కట్లేదు. ప్లంబర్‌కి ఫోన్ చేశా. రేప్పొద్దున వచ్చి చూస్తానన్నాడు, అందాకా ఎలాగోలా సర్దుకోవాలి." పొట్టిగా ఉంది. అందులో 'సో' లేదు, దాని తర్వాత పంపినదాంట్లో మూడున్నాయి.

అమ్మమ్మ మాత్రల అట్టల మీద ఇప్పుడు పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసిపెట్టాను, పరగడుపున అని ఒకదానిమీద, తిన్నాక అని ఇంకోదానిమీద. మొన్న ఫోన్ చేస్తే సరిగ్గానే వేసుకుంటున్నానంది. "కాకపోతే ఒరే, ఆ పసుపుపచ్చది డోసు ఎక్కువైనట్టుంది, టెస్టులు మళ్ళీ చేయిద్దామా?" అంది.